రెండు వందల నలభై ఎడమచేతులు

వానకోటు గుడ్డకు రెండు మొగాలు. ఒకటి నూనె రాసినట్టు మెరుస్తూ నీళ్లను జారుస్తుంది. రెండోది ఒంటికి తగిలే సాదా గుడ్డ. అలాంటి గుడ్డను ఎటు తిప్పి పెట్టామో ముందే చూసుకోవాలి, బ్లేడు దిగాక ఏడ్చి లాభం లేదు. ఆ కుట్టుకేంద్రంలో ఈ సంగతి అందరికంటే బాగా తెలిసిన మనిషి మాస్టరమ్మ. పదిహేడేళ్లుగా కోతబల్ల ఆవిడదే. పేరు పెట్టి పిలిచేవాళ్లు అక్కడెవరూ మిగల్లేదు.

మంగళవారం చేతుల వంతు వచ్చింది. వీధులు ఊడ్చే పనివాళ్లకు నూట ఇరవై వానకోట్లు, అంటే రెండు వందల నలభై చేతులు, వానలు మొదలయ్యేలోపు అందాలి. ఆవిడ ఎప్పటిలాగే కాగితం మీద ఎడమచేతి నమూనా మాత్రమే పక్కపక్కన నాలుగు సార్లు గీసింది. గుడ్డను ఒక పొర మొగం పైకి, దానిమీది పొర మొగం కిందికి వచ్చేట్టు మడతలు తిప్పుతూ పరిస్తే, అదే గీత మీద ఒక పొరలో ఎడమచెయ్యి, పక్క పొరలో కుడిచెయ్యి తెగుతాయి. బల్ల పొడుగు కలిసొస్తుంది, గుడ్డా కలిసొస్తుంది.

పరిచే ఇద్దరూ మొదటి మడత తిప్పబోతుంటే అల్లుడుగారు వచ్చాడు. యజమాని పెద్దాయనకు అల్లుడు, మూడు నెలలుగా మేనేజరు. నెమ్మదస్తుడు. అదే చిక్కు. కేకలేసేవాడితో పోట్లాడొచ్చు గానీ, 'మాస్టరమ్మగారూ' అని చేతులు కట్టుకుని మాట్లాడేవాడితో ఎలా పోట్లాడతాం? మడత పడిన చోట గుడ్డ మీది పూత చిట్లుతోందనీ, పెద్ద ఫ్యాక్టరీల్లో అన్ని పొరలూ మొగం పైకే పరుస్తారనీ చెప్పి, తన ఫోనులో వీడియో చూపించాడు. ఆ మాటలో సగం నిజముంది. అలా పరిచేవాళ్లు కుడిచేతికి వేరే నమూనా గీసుకుంటారన్నది మిగతా సగం. అది వీడియోలో లేదు.

ఆవిడ ఏప్రన్ జేబులోంచి ఫోను తీసింది. కత్తెర రింగు రాసుకుని రాసుకుని కుడి బొటనవేలు కాయకాసింది. దానిమీద సుద్దపొడి. ఫోను అద్దం ఆ వేలిని మనిషి వేలుగా ఒప్పుకోదు. ఒకటికి మూడుసార్లు నొక్కితే ఒక అక్షరం, అదీ కావలసిన దాని పక్కది. 'అలా పరిస్తే కుడి' అన్నంతవరకు వచ్చేసరికి అల్లుడుగారి ఫోను మోగింది. టైపు చేసి ఉంచమనీ, వచ్చి చూస్తాననీ మర్యాదగా చెప్పి ఆయన బయటికి నడిచాడు. మళ్లీ రాలేదు.

పరిచే ఇద్దరిలో పెద్దది పొడుగమ్మ. ఏం చెయ్యమంటారన్నట్టు కనుబొమ్మలెగరేసింది. మాస్టరమ్మ తలుపు వైపు చూసింది, గుడ్డ వైపు చూసింది. ఫోను జేబులో వేసుకుని, ఆయన చెప్పినట్టే కానివ్వమని చెయ్యి ఊపింది.

అరవై పొరలు పరిచేసరికి మధ్యాహ్నమైంది. ఆవిడ నమూనా కాగితం పైన వేసి, అంచులకు బరువులు పెట్టి, చేతికి ఇనుప తొడుగు వేసుకుంది. ఒక్క క్షణం ఆగింది. తరవాత స్విచ్చి నొక్కింది. బ్లేడు అరవై పొరల్లోకీ వెన్నలోకి దిగినట్టు దిగింది. కోత ఎప్పటిలాగే అచ్చుగుద్దినట్టుంది.

బుధవారం పదింటికల్లా కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. కుట్టేవాళ్లు చేతులను కోటుకు ఇటు పెట్టి చూశారు, అటు పెట్టి చూశారు. రెండు చేతులూ ఎడమవైనప్పుడు ఇక చీపురు పట్టేదెవరని ఒకామె నవ్వబోయింది. పెద్దాయన రావడం చూసి నవ్వు మింగేసింది.

అల్లుడుగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. "మాస్టరమ్మగారు చెప్పలేదు మామయ్యా," అన్నాడు.

మాట అబద్ధం కాదు. ఆరునెలలుగా ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. గొంతులో గడ్డతోపాటు స్వరాన్ని కూడా డాక్టర్లు తీసేశారు. పెద్దాయన ఆవిడ మెడచుట్టూ ఉన్న రుమాలు వైపు ఒకసారి చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆవిడను ఎవరూ ఏమీ అనొద్దనీ, నోరులేని మనిషనీ, శనివారం అందరం కూర్చుని మాట్లాడుకుందామనీ అన్నాడు. ఆవిడ పక్కనే నిలబడి ఉండగా ఆవిడ గురించి ఇదంతా చెప్పాడు. మధ్యలో రెండు మాటలు కొంచెం గట్టిగా కూడా అన్నాడు, గొంతుతోపాటు చెవులు కూడా పోయాయన్నట్టు.

సాయంత్రానికి కబురు పాకింది. మాస్టరమ్మను గుండీల బల్లకు మారుస్తారట. కూర్చుని చేసే పని, కిటికీ పక్కన మంచి వెలుతురు, ఎవరితోనూ మాట్లాడే అవసరం ఉండదు. చెప్పిన ప్రతివాళ్లూ ఆ ఆఖరి సంగతిని వరంలా చెప్పారు.

*

ఇంట్లో ఆవిడ ఫోను తీయగానే భర్త ఊహించడం మొదలుపెడతాడు. మందులా? కిటికీ వెయ్యాలా? పాలవాడా? మంచివాడే. ఆవిడ టైపు చేసే శ్రమ తప్పిద్దామనే ఆయన తాపత్రయం. ఆరునెలల్లో ఒక్కసారి కూడా సరిగ్గా ఊహించలేదు, అలాగని ఒక్కసారి కూడా మానలేదు. ఆవిడే అలిసిపోయి, నాలుగో ఊహకో ఐదో ఊహకో తల ఊపేస్తుంది. అలా తల ఊపి ఊపి, అడగని కిటికీలు ఎన్ని మూయించుకుందో లెక్కలేదు.

ఆ సాయంత్రం మరిది వచ్చాడు. వీధి చివర ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. జేబులోంచి నల్లటి దిమ్మలాంటిదాన్ని తీసి వదిన ముందు పెట్టాడు.

"వదినా, ఇలాంటివి మూడొచ్చాయి. ఇప్పుడు ఇవెవరూ చెయ్యట్లేదు, కొనేవాళ్లుంటారో లేదో తెలీదు. నాలుగు రోజులు వాడి ఎలా ఉందో రాసిపెట్టు. మొహమాటపడకు, తిట్టాలనిపిస్తే తిట్టు. నీ తిట్లు విని ఆర్నెల్లయింది, ఇల్లు బోసిగా ఉంది."

మూసి ఉంటే అది మామూలు ఫోనే, కాకపోతే వానలో తడిసి ఉబ్బిన పుస్తకంలా లావు. అడ్డంగా పట్టుకుని బొటనవేళ్లతో అద్దాన్ని పైకి తోస్తే సగం దూరం మొరాయించి, సగం దాటాక తనంతట తనే జారి టక్కున ఆగింది. అడుగున నాలుగు వరసల మీటలు. ఒక్కొక్కటీ చొక్కా గుండీ అంత, నడుమ కొంచెం ఉబ్బు. అక్షరాల స్టిక్కర్లు మరిది తనే కత్తిరించి అంటించాడు. దర్జీ ఇంట్లో మనిషి కోత కాదు అది, మూలలన్నీ వంకరే. ఆవిడ ఒక మీట నొక్కింది. అది లోపలికి దిగి, దిగినట్టు వేలికి చెప్పింది. అద్దం మీద వేలు పెడితే ఆ మాట చెప్పేవాళ్లెవరూ లేరు. తగిలిందో లేదో అద్దం దయ, మన అదృష్టం.

ఆవిడ మూసింది, తెరిచింది. మళ్లీ మూసి మళ్లీ తెరిచింది. పదోసారికి భర్త పేపరు మీంచి చూశాడు. ఏం కావాలో ఊహించడానికి ఈసారి ఆయనకేమీ తోచలేదు.

మొదటి నివేదిక మరిదికి గురువారం పొద్దున్నే వెళ్లింది. 'బరువు ఎక్కువ. మీ అన్నయ్య మీదికి విసరడానికి పనికొస్తుంది. తెరిచే చప్పుడు బాగుంది, దుకాణం తీసినట్టుంది. ఎడమపక్క చివరి వరస అందడానికి వేలు సాగదీయాలి. ఒత్తులు పెట్టాలంటే ఇంకో మీట కలిపి పట్టుకోవాలి, మొదట విసుగు, తరవాత అలవాటు. రాసినదాన్ని ఫోనే పైకి చదువుతుందన్నావు, విన్నాను. రైలు ఎన్ని గంటలు ఆలస్యమో చెప్పే గొంతు. నాకొద్దు.'

కోతబల్ల దగ్గర పని లేదు. శనివారం దాకా బ్లేడుకు తొడుగు వేసి ఉంచమన్నారు. పొడుగమ్మ కుడిచేతులు లేని కోట్లను దొంతరలు పెడుతూ ఆవిడ వైపు జాలిగా చూస్తోంది. మాస్టరమ్మ ఏప్రన్ జేబులో చేతులు పెట్టుకుని, అందులోనే ఫోను తెరిచి, వేళ్లతో మీటలు తడుముతూ నిలబడింది. నడి వరసలో రెండు మీటల మీద చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉన్నాయి. వేళ్లు వాటిమీద ఆనితే మిగతావి ఎక్కడున్నాయో వాటికవే తెలుస్తున్నాయి, సుద్దగీత చూడకుండానే బ్లేడు మలుపు తిరిగినట్టు. మధ్యాహ్నానికి స్టిక్కర్లు రెండు ఊడి జేబులో పడ్డాయి. వాటిని మళ్లీ అంటించే పని పెట్టుకోలేదు.

శుక్రవారం పొద్దున్న కాఫీ దగ్గర భర్త ఊహలు మొదలుపెట్టాడు. పంచదారా? చల్లారిందా? ఆవిడ ఆయన మొహంలోకే చూస్తూ రెండు బొటనవేళ్లతో టకటకా కొట్టి, తెర తిప్పి చూపించింది. 'ఒక్క నిమిషం నోరు మూసుకుంటే నేనే చెప్తాను.'

ఆయన రెండుసార్లు చదివి కప్పు కింద పెట్టాడు. ఆయనను తడబడేలా చేసింది ఆ మాట కాదు. అది రాస్తున్నంతసేపూ ఆవిడ తనవైపే చూస్తూ ఉండటం. ఆరునెలలుగా ఏదైనా చెప్పేటప్పుడు ఆవిడ చూసింది మనుషులను కాదు, తన బొటనవేలిని. తల వంచుకున్న మనిషి చెప్పేదాకా ఎవరు ఆగుతారు?

ఆ సాయంత్రం పెరటి మెట్ల మీద కూర్చుని శనివారం చెప్పవలసింది రాయడం మొదలుపెట్టింది. నమూనా ఎలా గీసిందో, అల్లుడుగారు ఏమన్నాడో, తను ఎంతవరకు టైపు చేసిందో, ఆయన ఎలా వెళ్లిపోయాడో. మాటలు వేళ్లకింద మంచినీళ్లలా వచ్చాయి. 'ఆయన మళ్లీ రాలేదు' దగ్గర ఆగాయి. తరవాతి వాక్యం రాయాలి. చెరిపి మొదటినుంచి రాసింది, మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి కూడా అక్కడే. మీటలు బాగానే దిగుతున్నాయి. మొరాయిస్తున్నది ఫోను కాదు.

మధ్యాహ్నం దాకా పొరలు పరిచారు. అంతసేపు తను ఆ బల్ల పక్కనే నిలబడి ఉంది.

మరిది నుంచి మెసేజి వచ్చింది. ఇంకా ఏమైనా లోపాలున్నాయా అని అడిగాడు. ఆవిడ చాలాసేపు ఆలోచించి రాసింది. 'ఒకటుంది. అద్దం మీద అవస్థపడేటప్పుడు అవసరమైన మాట ఒక్కటే చెప్పేదాన్ని. దీంతో అనవసరమైనవి కూడా వచ్చేస్తున్నాయి.'

'దాన్నే మాట్లాడ్డం అంటారు వదినా,' అని జవాబొచ్చింది.

*

శనివారం భోజనాలయ్యాక అందరినీ కోతబల్ల చుట్టూ చేర్చారు. పెద్దాయన బల్ల తలదగ్గర నిలబడ్డాడు. ఒకప్పుడు స్వయంగా కత్తెర పట్టిన మనిషి, ఇప్పటికీ మాట్లాడేటప్పుడు అరచేత్తో బల్లమీద లేని ముడతలు సవరిస్తూ ఉంటాడు. మాస్టరమ్మకు పని నేర్పిందీ ఆయనే. ఆ రోజుల్లో ఏమే, నువ్వు అని కసిరేవాడు. ఆపరేషనయిన దగ్గరనుంచీ 'మీరు', 'అండీ' మొదలయ్యాయి. ఆవిడకు ఆ మర్యాద వచ్చినప్పుడల్లా తను చచ్చిపోయి ఫొటోకు దండ వేసినట్టుంటుంది.

తప్పెవరిదని తేల్చడానికి పిలవలేదన్నాడు పెద్దాయన. అల్లుడికి పని కొత్త. ఆవిడకు చెప్పే వీలు లేదు. ఇద్దరి మధ్యా జరిగిపోయింది. ఎవరినీ ఏమీ అనేది లేదు. ఇకమీదట ఇలాంటి ఇబ్బంది ఆవిడకు కలగకూడదు కాబట్టి సోమవారం నుంచి గుండీల దగ్గర కూర్చుంటారు, కోతకు వేరే మనిషిని చూద్దాం.

అందరూ ఊపిరి వదిలారు. ఎవరికీ దెబ్బ తగలకుండా ముగిసింది. ఒకరిద్దరు ఆవిడ వైపు చూసి తలలు ఊపారు, మంచిదే జరిగిందన్నట్టు.

టక్కుమని చప్పుడైంది. అందరూ అటు తిరిగారు.

మాస్టరమ్మ ఫోను రెండు చేతులా పట్టుకుని పెద్దాయన మొహంలోకి చూస్తోంది. వేళ్లు కదులుతున్నాయి, కళ్లు కదలడం లేదు. ఆయన ఏదో అనబోయి, ఆ చూపు తనమీద ఉండగా అనలేక ఆగాడు. ఆవిడ ఫోను పొడుగమ్మ చేతికిచ్చి చదవమని సైగ చేసింది.

"ఆయన చెప్పినట్టు పరిస్తే కుడిచేతులు రావని నాకు తెలుసు," అని చదివింది పొడుగమ్మ.

"తెలిస్తే చెప్పాలి కదండీ," అన్నాడు అల్లుడుగారు, నెమ్మదిగానే.

ఫోను చేతులు మారింది. రెండు క్షణాలు కూడా పట్టలేదు. "చెప్పడం మొదలుపెట్టాను. మీరు వెళ్లిపోయారు."

అల్లుడుగారు తల దించుకున్నాడు. కుట్టేవాళ్లలో గుసగుస బయల్దేరింది. పెద్దాయన అల్లుడి వైపు ఓ చూపు చూసి, నేను చెప్తున్నదీ అదే కదా, పాపం ఆవిడకు చెప్పే వీలు లేకపోయింది అన్నాడు.

అక్కడితో ఆగిపోవచ్చు. గదిలో అందరూ ఆవిడ పక్షమే. అయితే అందరూ తన పక్షాన నిలబడి తనను ఎత్తుకెళ్లి కిటికీ పక్కన కూర్చోబెడతారు. ఆవిడ ఫోను తీసుకుంది. నిన్న మెట్ల మీద మూడుసార్లు రాని వాక్యం, పెద్దాయన మొహం చూస్తుంటే ఒక్కసారికే వచ్చింది.

పొడుగమ్మ తెర చూసింది. మాస్టరమ్మ వైపు చూసింది. "ఇది... చదవమంటారా?" అంది. మాస్టరమ్మ తల ఊపింది.

"వీలు లేక కాదు. నా నోరు పోయింది గానీ చేతులు పోలేదు. గుడ్డ మీద చెయ్యి పెట్టి ఆపితే ఆగిపోయేది. స్విచ్చి నొక్కకపోయినా ఆగిపోయేది. తెలిసే కోశాను. వెళ్లిపోయిన మనిషికి బుద్ధి రావాలని కోశాను."

గుసగుస ఆగిపోయింది. పని లేకుండా మూడు రోజులు కూర్చున్నవాళ్లు వాళ్లు. బుధవారం నుంచీ ఆవిడ మీద పరిచి ఉంచిన జాలినంతా ఎవరిది వాళ్లు మడతపెట్టి వెనక్కి తీసుకోవడం ఆవిడకు తెలుస్తూనే ఉంది. పొడుగమ్మ ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు చెయ్యి తగలకుండా ఇచ్చింది. అది మాత్రం గుచ్చుకుంది.

పెద్దాయన అరచెయ్యి బల్లమీద ఆగిపోయింది. "తెలిసే?" అన్నాడు. బల్లమీదికి వంగాడు. "తెలిసే కోశావా?"

అప్పుడు మొదలైంది. పదిహేడేళ్ల కిందట ఎలా కసిరేవాడో అలాగే కసిరాడు. ఆవిడ చేతికి బ్లేడు ఇచ్చిన రోజును తిట్టాడు, తనను తాను తిట్టుకున్నాడు. గుడ్డ ఏం పాపం చేసిందన్నాడు. కోపం మనిషి మీదైతే మనిషి మీద చూపించుకోవాలి గానీ, నోరులేని గుడ్డ మీదా అన్నాడు. నోరులేని అన్నాక ఒక్క క్షణం తడబడ్డాడు గానీ ఆగలేదు. ఆయన తిడుతుండగానే ఆవిడ వేళ్లు నడిచాయి. గుడ్డ విషయంలో తప్పు నాదేనని ఒప్పుకుంది. కానీ ఆర్నెల్లుగా ఈ గదిలో నేను మొదలుపెట్టిన మాట ఆఖరుదాకా చదివిన మనిషిని ఒక్కరిని చూపించండి అంది. చదవనివాళ్లలో మీరూ ఉన్నారంది. పొడుగమ్మ మొదట గొణిగినట్టు చదివింది. పెద్దాయన గొంతు పెరిగేకొద్దీ ఆమె గొంతు కూడా పెరిగింది. రెండు మూడు జవాబులయ్యేసరికి ఆమెకు తెలియకుండానే నడుం మీద చెయ్యి వేసుకుని చదువుతోంది. అల్లుడుగారు మధ్యలో కలగజేసుకోబోతే పెద్దాయనా మాస్టరమ్మా ఒకేసారి అతనివైపు చూశారు. అతను వెనక్కి తగ్గాడు.

పావుగంట సాగింది. ఆవిడ మెడమీద రుమాలు చెమటకు తడిసింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అయినా ఆరునెలలుగా నిద్రపోతున్న ఒక కాలో చెయ్యో మెలకువ వచ్చి చిమచిమలాడినట్టుంది. ఆయన తనను తిడుతున్నాడు. 'అండీ' లేకుండా, గొంతు తగ్గించకుండా తిడుతున్నాడు.

పెద్దాయనకు ఆయాసం వచ్చింది. రుమాలుతో మొహం తుడుచుకుని, బల్ల చివరన దొంతరగా ఉన్న చేతుల్లోంచి పైనున్న రెండు తీశాడు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి అంచులు చూశాడు. నూలుపోగంత తేడా లేదు. వాటిని మళ్లీ దొంతర మీద పెట్టేశాడు.

"నూట ఇరవై ఎక్కువొచ్చాయి, నూట ఇరవై తక్కువొచ్చాయి," అన్నాడు. గొంతులో కోపం ఇంకా ఉంది. "వానలు పదిరోజుల్లో ఉన్నాయి. గుడ్డ తెప్పించే వ్యవధి లేదు. ఏం చేద్దామనుకుంటున్నావో చెప్పు."

చెప్పడానికి ఆవిడ దగ్గర ఉపాయం ఉంది. కోట్ల టోపీలు ఇంకా కొయ్యలేదు. మిగిలిపోయిన ఎడమచేతుల్లోంచి టోపీలకు సరిపడా ముక్కలు తీయొచ్చు, టోపీలకని అట్టేపెట్టిన గుడ్డలోంచి కుడిచేతులు తీయొచ్చు. టోపీకి నడినెత్తిన ఒక కుట్టు ఎక్కువ పడుతుంది. నీళ్లు దిగకుండా దానిమీద పట్టీ వెయ్యాలి. అంతే. ఇప్పుడున్న వేగానికి అదంతా రాయడం రెండు నిమిషాల పని.

పెద్దాయన స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. అల్లుడుగారు బల్లకు అవతల నిలబడ్డాడు. కుట్టేవాళ్లలో ఒక్కరు కూడా తమ మిషను వైపు కదల్లేదు. పొడుగమ్మ చదవడానికి చెయ్యి చాపి సిద్ధంగా ఉంది.

మాస్టరమ్మ తల వంచి, ఒక్కొక్క మీటనే చూసుకుంటూ, తీరిగ్గా నొక్కడం మొదలుపెట్టింది.